పద్నాలుగో మెషీన్

అరవై ఒకటో ప్రశ్న దగ్గర ఆయమ్మ చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది.

ఆమె అరవలేదు, పిలవలేదు. ఆస్పత్రి వార్డులో ఇరవై ఏళ్ళుగా ఆయాగా చేస్తున్న మనిషి. మంచం మీది వాళ్ళకి ప్రాణం మీదికొచ్చినా గొంతు పెంచకుండా పని చూసుకోవడం అలవాటు. తల మాత్రం తిప్పి, తలుపు దగ్గర నిలబడ్డ టైపు మాస్టారి వైపు చూసింది. ఆయన కుర్చీల మధ్య నుంచి గబగబా వచ్చారు. తెర మీద పుండు ఫొటో, దాని కింద నాలుగు జవాబులు ఉండాల్సిన చోట ఏమీ లేదు. కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది.

"నేనేం చెయ్యలేదు మాస్టారూ," అంది లోగొంతుతో. "'తర్వాతి ప్రశ్న' అన్నదాన్నే నొక్కాను. ఇందాకటి నుంచీ ఎలా నొక్కుతున్నానో అలాగే నొక్కాను."

మాస్టారు నోరు విప్పేలోపే పరీక్షల ఆఫీసు నుంచి వచ్చిన పరిశీలకుడు వెనక నిలబడ్డాడు. "మీరు ముట్టుకోకండి సార్. అమ్మా, మీరే మళ్ళీ తెరవండి."

ఆమె తెరిచింది. రెండు ఎర్ర వాక్యాలు వచ్చాయి. అభ్యర్థి పేజీ వదిలి వెళ్ళారు. పరీక్ష రద్దయింది.

"నేనెక్కడికి వెళ్ళాను బాబూ? ఇక్కడే కూర్చున్నాగా."

"కుర్చీలోంచి లేవకుండానే వెళ్ళొచ్చమ్మా. ఇంకో పేజీ తెరిచి జవాబులు వెతుక్కోవచ్చు."

"ఇంకో పేజీయా? నాకు ఈ పేజీ తెరవడమే రాదు. మాస్టారే తెరిచి ఇచ్చారు."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పరిశీలకుడు నవ్వలేదు. అతను చెడ్డవాడేం కాదు. సంచిలోంచి ఒక కాగితం తీసి, నియమం ఏముందో వేలితో చూపించి చదివాడు. పేజీ వదిలి వెళ్ళినవాళ్ళు మూడేళ్ళ దాకా ఈ పరీక్ష రాయకూడదు. అభ్యంతరం ఉంటే నాలుగు రోజుల్లోగా ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చు.

ఆయమ్మకి నలభై మూడు. సహాయ నర్సు పరీక్ష రాయడానికి నలభై అయిదు దాటకూడదు. ఆమె పెదవులు కదిపి లెక్క చూసుకోవడం మాస్టారు చూశారు. మూడేళ్ళు కలిపింది. మళ్ళీ కలిపింది. ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టుకుంది. కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందికి తోసి, మిగతా పన్నెండు మందికి ఇబ్బంది కలగకుండా గోడ వారగా నడిచి బయటికి వెళ్ళిపోయింది.

మాస్టారు మాత్రం అక్కడే నిలబడి మెషీన్ పక్క మూత వైపు చూస్తున్నారు. ఆ మూతకి ఉండాల్సిన రెండు మరల్లో ఒకటే ఉంది. రెండోది ఆయన సొరుగులో ఉంది. రెండు వారాల కిందట ఆ మూత విప్పింది ఆయనే.

ఆ శిక్షణ సంస్థలో ఒకప్పుడు ఆయన టైపు నేర్పేవారు. మెషీన్లు మారాయి గానీ పేరు మారలేదు. ఇప్పుడు కంప్యూటర్ గదికి ఆయనే ఇన్‌ఛార్జి. గదిలో పద్నాలుగు మెషీన్లు, అన్నీ పాతవే. ఒక్కోదాంట్లో రెండేసి మెమరీ పట్టీలు, మొత్తం నాలుగు జీబీ. పట్టీ అంటే దువ్వెనంత పొడుగున్న పచ్చటి ముక్క. మెమరీ అంటే ఏమిటని పిల్లలు అడిగితే మాస్టారు చేత్తో బల్ల మీద చరిచి చెప్పేవారు. "ఇదీ. బల్ల ఎంత పెద్దదైతే అన్ని కాగితాలు పరుచుకుంటావు. చాలకపోతే కొన్ని కింద పడతాయి."

రెండు వారాల కిందట ప్రిన్సిపాల్ గారి కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని కబురొచ్చింది. వెళ్ళి చూస్తే ఆయన బ్రౌజర్‌లో నలభై పేజీలు తెరిచి ఉన్నాయి. వార్తలు, ఆటల స్కోర్లు, అమ్మకానికున్న కార్లు, మోకాళ్ళ నొప్పికి వ్యాయామాలు. కొన్ని మూసేయమంటే ప్రిన్సిపాల్ అదిరిపడ్డారు. "అమ్మో, మూస్తే మళ్ళీ దొరకవు మాస్టారూ! ఎప్పుడో చదువుదామని అట్టే పెట్టుకున్నాను. మీరే ఏదో ఒకటి చెయ్యండి. ఆ గదిలో అన్ని మెషీన్లు ఊరికే పడి ఉన్నాయిగా."

పరీక్ష రాసేది పదముగ్గురు. పద్నాలుగో మెషీన్ ఎలాగూ ఖాళీ. మాస్టారు దాంట్లోంచి ఒక పట్టీ తీసి ప్రిన్సిపాల్ గారి మెషీన్లో వేశారు. వారం తర్వాత పరీక్షల ఆఫీసుకి పంపే ధ్రువపత్రం మీద, ప్రతి ఏడూ రాసే వాక్యమే రాసి సంతకం పెట్టారు. పద్నాలుగు మెషీన్లు, అన్నీ నాలుగేసి జీబీ.

ఆ పద్నాలుగో మెషీన్ ముందు ఆయమ్మని కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇన్‌ఛార్జి ఇష్టం. అది కిటికీ పక్కన ఉంటుంది. ఎనిమిది నెలల కిందట మాస్టారి భార్య ఆస్పత్రిలో ఆఖరి పదిరోజులూ గడిపినప్పుడు, ఎవరూ అడక్కుండానే ఆమె మంచాన్ని కిటికీ పక్కకి జరిపించింది ఈ ఆయమ్మే. "వెలుతురుంటే కాస్త బాగుంటుంది మాస్టారూ," అంది. పొద్దున ఆయమ్మ మూడో వరసలో కూర్చోబోతుంటే ఆయనకి అదే గుర్తొచ్చింది. "అక్కడ కాదమ్మా, ఇలా రండి. ఇక్కడ వెలుతురు బాగుంటుంది," అన్నారు. ఒక్క పేజీయేగా తెరిచేది, సగం మెమరీ చాలు అనుకున్నారు. ముందుగా సాధన పేజీలో అయిదు ప్రశ్నలు తెరిచి చూశారు కూడా. బాగానే నడిచింది.

*

మర్నాడు పొద్దున్నే గది తాళం తీసి, లోపల గడియ పెట్టుకుని, పద్నాలుగో మెషీన్ ముందు కూర్చున్నారు. పరీక్షల ఆఫీసు వాళ్ళు సాధన కోసం పెట్టిన నమూనా పరీక్ష ఒకటుంది. అందులోనూ వంద ప్రశ్నలే, అలాంటివే ఫొటోలు. దాన్ని తెరిచి, పక్కనే ఇంకో చిన్న జాబితా తెరిచారు. మెషీన్లో ఏది ఎంత మెమరీ తీసుకుంటోందో అందులో కనిపిస్తుంది. రూళ్ళ పుస్తకం తీసి నిలువుగా గీత గీశారు.

ఒకటో ప్రశ్న దగ్గర రెండు వందల పది ఎంబీ. పదో ప్రశ్న దగ్గర మూడు వందలు దాటింది. ఇరవై దగ్గర నాలుగు వందల ఇరవై. పాత ప్రశ్నల ఫొటోలని పేజీ వదలడం లేదు. చూసిన ప్రతి పుండునీ, ప్రతి ఎక్స్‌రేనీ చంకన పెట్టుకునే ముందుకి పోతోంది. ముప్పై. నలభై. ఫ్యాన్ చప్పుడు పెరిగింది. యాభై దగ్గర ఒక్కో నొక్కుకీ జవాబు రావడానికి ఆరేడు సెకన్లు పట్టింది. మెషీన్ సొంత పనులకి పోగా రెండు జీబీలో మిగిలిందంతా అయిపోయి, అరవై నాలుగో ప్రశ్న దగ్గర తెర తెల్లబోయింది.

మాస్టారు పెన్ను కింద పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకున్నారు.

తర్వాత లేచి పదమూడో మెషీన్ ముందుకి వెళ్ళారు. దానికి రెండు పట్టీలూ ఉన్నాయి. అక్కడా అంకె అలాగే పెరిగింది, ఒక్క అడుగు తేడా లేకుండా. కానీ ఆగలేదు. ఆయాసపడుతూ, రొప్పుతూ వందో ప్రశ్న దాకా చేరింది.

రెండు నిలువు వరసల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. పేజీ తినాల్సినదానికంటే ఎక్కువ తింది. ఆయన పెట్టాల్సినదానికంటే తక్కువ పెట్టారు. రెండూ నిజమే. అయితే మొదటి నిజం ఒక్కటే చాలేమో. పేజీ ఇలా తింటోందని చూపిస్తే, తెర దానంతటదే పోయిందని ఒప్పుకోక తప్పదు. ఆయమ్మకి మళ్ళీ పరీక్ష పెడతారు. పట్టీ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ ఆలోచన వచ్చాక ఆయనకి ఊపిరాడింది. ఫోన్ తీసి పరీక్షల ఆఫీసుకి చేశారు. అటూ ఇటూ తిప్పి చివరికి ఆ పేజీ తయారుచేసిన ఇంజనీరుకి కలిపారు. గొంతును బట్టి కుర్రవాడే. మాస్టారు పుస్తకంలో రాసుకున్న అంకెలన్నీ వరసగా చదివి వినిపించారు.

"ఎంత? వంద దగ్గర వెయ్యి దాటుతోందా?" అన్నాడు ఇంజనీరు. "ఇక్కడ మా మెషీన్లన్నీ ముప్పై రెండు జీబీవి సార్. ఎప్పుడూ గమనించలేదు. సరే, చూస్తాను."

"బ్రౌజర్లో ఒక పేజీ అంటే మామూలుగా ఎంత తీసుకోవాలి బాబూ?"

"అలా లెక్కేం ఉండదు సార్. ఉన్నదాన్ని వాడుకుంటుంది. ఖాళీగా పడున్న మెమరీ దండగేగా."

"లేనివాడి దగ్గర?"

ఇంజనీరు నవ్వాడు. మంచి నవ్వే. "లేనివాడు కొనుక్కోవాలి సార్," అన్నాడు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆయన తెర మీద పేజీల వరస నలభై నుంచి యాభైకి పెరిగినట్టుంది.

"విన్నాను. పాపం ఆవిడ," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మాస్టారూ, ఆ పట్టీ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"చెప్పకండి. నాలుగేసి ఉన్నాయని మీ సంతకం ఉంది. తప్పుడు సంతకమని తెలిస్తే సెంటర్ ఎత్తేస్తారు, మిమ్మల్ని ఇంటికి పంపిస్తారు. రేపు పిల్లలు పరీక్ష రాయాలంటే మూడు గంటలు బస్సులో పోవాలి. ఒక్కరి కోసం ఇంతమందిని ఇబ్బంది పెడతామా?" అని మెషీన్ వైపు చెయ్యి చూపించారు. "ఇదిగో, తీసుకుపోయి ఎక్కడిది అక్కడ పెట్టేయండి. తనిఖీకొచ్చినా ఏం దొరకదు. నా మెషీన్ మెల్లగా నడిస్తే నడిచింది. నేనూ త్యాగం చేస్తాను."

మాస్టారు మూత విప్పి, పట్టీని రెండు వేళ్ళతో ఊడదీసి, కళ్ళద్దాల డబ్బాలో గుడ్డ మీద పెట్టుకున్నారు. గదికి వచ్చాక దాన్ని పద్నాలుగో మెషీన్లో పెట్టలేదు. పెడితే తెర ఆగదు. ఆగకపోతే ఆఫీసులో చూపించడానికేమీ ఉండదు.

*

మూడో రోజు పొద్దున బస్సులో మాస్టారి ఒళ్ళో దుప్పటి కప్పిన మెషీన్, ఆయమ్మ ఒళ్ళో అన్నం డబ్బా. తెర, కీబోర్డు ఆఫీసులో ఇస్తామన్నారు.

"ఏం మాస్టారూ, పసిబిడ్డలా పొదివి పట్టుకున్నారు. ముసుగు తీస్తే నేను టికెట్ కొట్టాలా వద్దా చెప్తాను," అన్నాడు కండక్టరు.

"అయిదేళ్ళు దాటిందయ్యా," అంది ఆయమ్మ. "కానీ అరటికెట్టే కొట్టు. సగంలో ఆగిపోతుంది."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేకపోయారు. మూడు రోజుల తర్వాత ఆమె మొహంలో కాస్త వెలుగు కనిపించడం అదే మొదలు.

"వార్డులో ఏమంటున్నారమ్మా?"

"ఏమంటారు? మొన్నటి దాకా 'నర్సమ్మగారూ, నర్సమ్మగారూ' అని ఆటపట్టించినవాళ్ళు నిన్న నోరెత్తలేదు. ఎక్కిరించినా బాగుండేది. పెద్ద నర్సు మాత్రం పక్కకి పిలిచి, 'నిజం చెప్పు, చూసి రాశావా?' అంది. నేను మందు సీసా మీద అక్షరాలు చదవడం నేర్చుకుంది ఆవిడ దగ్గరే మాస్టారూ. ఆవిడే అడిగింది." ఆయమ్మ డబ్బా మూతని వేలితో చుట్టూ తడిమింది. "మా పిల్ల కూడా అడిగింది, మెల్లగా. 'అమ్మా, ఒక్కసారి కూడా చూడలేదా?' అని. దాని దగ్గరే కూర్చుని ఆర్నెల్లు చదివాను."

బస్సు ఒక మలుపు తిరిగింది. మెషీన్ జారకుండా ఆమె కూడా ఒక చెయ్యి వేసింది.

"మీరొక్కరే అడగలేదు," అంది. "మీరు లేకపోతే నా మాట నమ్మేదెవరు?"

మాస్టారు చొక్కా జేబులో కళ్ళద్దాల డబ్బా తగులుతోంది. చెప్పడానికి అదే సమయం అని ఆయనకి తెలుసు. ఇంకో గంటలో పని అయిపోతుంది కదా, ఆ తర్వాత చెప్పవచ్చు అనుకున్నారు. అసలు చెప్పే అవసరమే రాకపోవచ్చనీ అనుకున్నారు. కిటికీ బయటికి చూశారు. ఊరు వెనక్కి పోతోంది.

ఆఫీసులో పరీక్షల అధికారిణి వాళ్ళని ఎక్కువసేపు నిలబెట్టలేదు. సన్నటి మనిషి, మాట కూడా అంతే పొదుపు. బల్లకి ఆ చివర ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. మాస్టారు తీగలు తగిలించారు. పేజీ తెరిచారు. పక్కన జాబితా తెరిచారు. రూళ్ళ పుస్తకం అధికారిణి ముందుకి జరిపారు.

"ఈ అంకె చూస్తూ ఉండండి మేడమ్. పెరుగుతూ పోతుంది. అరవై దాటాక తెర దానంతటదే పోతుంది. ఈ అమ్మ ఎక్కడికీ పోలేదు."

ఒకటో ప్రశ్న. రెండు వందల పది.

పదో ప్రశ్న. రెండు వందల పదిహేను.

మాస్టారు జాబితాని ఒకసారి మూసి మళ్ళీ తెరిచారు. ఇరవై. రెండు వందల పన్నెండు. ఆయన వేగం పెంచారు. చదవకుండానే నొక్కుకుంటూ పోతున్నారు. గాయాలు, ఎక్స్‌రేలు, వాచిన కాళ్ళు తెర మీదికి వచ్చి పోతున్నాయి. పోయినవి నిజంగానే పోతున్నాయి. యాభై. అరవై. అరవై ఒకటి దగ్గర ఆయమ్మ కుర్చీలో ముందుకి వంగింది. అరవై రెండు వచ్చింది. డెబ్బై. ఫ్యాన్ చప్పుడు కూడా పెరగలేదు. వందో ప్రశ్న వచ్చి, దాని కింద 'పూర్తయింది' అని పచ్చ అక్షరాలు వెలిగాయి.

ఇంజనీరు తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ఏం మార్చారు బాబూ?" అన్నారు మాస్టారు.

"నిన్న సాయంత్రం చిన్న సవరణ చేశాం సార్. చూసేసిన ఫొటోల్ని వదిలేసేలా. మామూలుగా చేసేదే." ఆగి, కాస్త తగ్గి అన్నాడు. "మీరు ఫోన్లో చెప్పాకే తెలిసింది."

"అంటే నేను చెప్పింది నిజమేగా? మొన్న పేజీ అలాగే ఉండేదిగా?"

ఇంజనీరు అధికారిణి వైపు చూశాడు.

"పేజీ గురించి కాదు ఈ విచారణ," అంది ఆమె. "ఇదివరకు ఎక్కువ మెమరీ తీసుకునేదే అనుకుందాం. నాలుగు జీబీ ఉంటే సరిపోయేదా లేదా?"

"సరిపోయేది మేడమ్," అన్నాడు ఇంజనీరు. "ఈ మాస్టారే చెప్పారు, నాలుగు జీబీ మెషీన్లో వంద దాకా వచ్చిందని."

అధికారిణి ఫైల్లోంచి ఒక కాగితం తీసి మాస్టారి వైపు తిప్పింది. అందులో ఆయన చేతిరాత. పద్నాలుగు మెషీన్లు, అన్నీ నాలుగేసి జీబీ. కింద సంతకం. ముప్పై ఏళ్ళుగా పిల్లల టైపు కాగితాల మీద పెట్టిన సంతకమే, అక్షరం వంకర పోకుండా.

"ఈమె కూర్చున్న మెషీన్లో నాలుగు జీబీ ఉందని మీరే రాసిచ్చారు. నాలుగుంటే పేజీ దానంతటది పోదని మీ పుస్తకమే చెప్తోంది. మరి పేజీ పోయిందంటే ఎవరు పోగొట్టినట్టు?" ఆమె గొంతులో కోపం లేదు. "నాకూ బాధగానే ఉంది మాస్టారు గారూ. కానీ ఈమెకి వ్యతిరేకంగా నా దగ్గరున్న సాక్ష్యం ఇదొక్కటే. మీ సంతకం."

ఆయమ్మకి ఆ లెక్క అర్థమైందో లేదో తెలీదు. కానీ 'వ్యతిరేకంగా' అన్న మాట దగ్గర మాస్టారి మొహంలోకి చూసింది. వార్డులో డాక్టరు బయటికొచ్చినప్పుడు రోగి తాలూకు వాళ్ళు చూసే చూపు అది. ఎనిమిది నెలల కిందట అలా చూసింది మాస్టారే.

ఆయన మెషీన్ని ఆపారు. తీగ ఊడదీశారు. జేబులో వెతికితే మర విప్పే సాధనం దొరకలేదు. బల్ల మీదున్న నాణెం తీసుకుని, మర గాడిలో ఆనించి తిప్పారు. ఒకటే మర గనక మూత వెంటనే వచ్చేసింది. లోపలి భాగాన్ని అధికారిణి వైపు తిప్పారు. పక్కపక్కన రెండు గాళ్ళు. ఒకదాంట్లో పచ్చటి పట్టీ. రెండోది ఖాళీ. ఖాళీ గాడిలో దుమ్ము కూడా సరిగా చేరలేదు.

కళ్ళద్దాల డబ్బా తెరిచి, రెండో పట్టీని తీసి, తన సంతకం ఉన్న కాగితం మీద పెట్టారు.

"ఇది నేను తీశాను. పరీక్షకి రెండు వారాల ముందు. తీశాక ఆ సంతకం పెట్టాను. ఈ అమ్మని ఆ మెషీన్ ముందు కూర్చోబెట్టిందీ నేనే."

"తీసి ఎక్కడ పెట్టారు?"

"ప్రిన్సిపాల్ గారి మెషీన్లో. ఆయన బ్రౌజర్ నెమ్మదిగా ఉందన్నారు."

ఇంజనీరు నోటి దాకా వచ్చిన నవ్వుని ఆపుకున్నాడు. అధికారిణి మాత్రం ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. తర్వాత సొరుగులోంచి ఫారం తీసింది. పరీక్ష ఆగిపోవడానికి కారణం అని పైన ఉంది. కింద రెండే గళ్ళు. అభ్యర్థి వల్ల. కేంద్రం వల్ల.

మాస్టారు రెండింటినీ చదివారు. కాగితం వెనక్కి తిప్పి చూశారు.

"పేజీ వల్ల అని గడి లేదా మేడమ్?"

"లేదు," అంది అధికారిణి. "రెండో గడిలో మీరు సంతకం పెడితే ఈమెకి పది రోజుల్లో వేరే కేంద్రంలో మళ్ళీ పరీక్ష. మీరు ఇన్‌ఛార్జిగా ఉండరు. సంస్థ మీద తనిఖీ ఉంటుంది. ఆలోచించుకుంటారా?"

మాస్టారు అక్షరం వంకర పోకుండా సంతకం పెట్టారు.

*

వరండాలో ఆయమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మాస్టారు మెషీన్ని కింద పెట్టి, ఆమెకి కాస్త దూరంలో ఆగారు.

"అమ్మా," అన్నారు.

"మొదట్నుంచీ తెలుసా మాస్టారూ?"

"తెలుసు. అప్పుడే, తెర పోగానే."

ఆమె తల ఊపింది. ఇంజెక్షన్ ఎంత ఇచ్చారో అడిగి చీటీ మీద రాసుకునేటప్పుడు ఊపినట్టు.

"నిన్న మా పిల్లతో అన్నాను, మాస్టారున్నారే నీకేం భయం అని." ఆమె గొంతు అప్పటికీ పెరగలేదు. "మూడో వరసలో కూర్చోబోయాను నేను. అక్కడ కూర్చుంటే నాకేమయ్యేది కాదుగా?"

"కాదు."

"వెలుతురు కావాలని నేనడగలేదు మాస్టారూ."

ఆ మాట అనేసి డబ్బా అందుకుని మెట్లు దిగింది. సగం మెట్ల మీద ఆగి, డబ్బా వంక చూసి, వెనక్కి వచ్చింది. ఇద్దరికీ కలిపి తెచ్చిన డబ్బా అది. పై గిన్నె విడదీసి మాస్టారి పక్కన గట్టు మీద పెట్టింది. మళ్ళీ దిగి వెళ్ళిపోయింది. ఆమె ఎక్కిన బస్సు వెళ్ళాక ఇంకో బస్సు వచ్చింది. దాన్నీ వదిలేశారు మాస్టారు. గిన్నె మూత తీయకుండానే చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

*

ఆరో రోజున తాళాలు అప్పగించమని కాగితం వచ్చింది. ప్రిన్సిపాల్ మొహం చూపించలేదు. గుమస్తా చేత పంపించారు. సాయంత్రం అయిదింటికి ఇవ్వాలి. మాస్టారు మధ్యాహ్నమే గదికి వచ్చి అన్ని తెరలూ తుడిచారు. ఆఫీసు వాళ్ళు తిరిగిచ్చిన రెండో పట్టీని పద్నాలుగో మెషీన్లో పెట్టి, సొరుగులోంచి రెండో మర కూడా తీసి బిగించారు.

నాలుగు దాటాక తలుపు చప్పుడైంది. ఆయమ్మ. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతులకింకా మందునీళ్ళ వాసన. చేతిలో కొత్త హాల్ టికెట్.

మాస్టారు లేచి నిలబడ్డారు. "రండమ్మా, కూర్చోండి," అనబోయి ఆగిపోయారు. ఎక్కడ కూర్చోమనాలో తెలీలేదు.

ఆమే చూసుకుని మూడో వరసలో కూర్చుంది. పలకరింపు లేదు.

"ఆ రోజు ఆఫీసులో పక్కన ఒక జాబితా తెరిచారే, మెషీన్లో ఎంతుందో తెలిసేది. అది నాకు నేర్పండి."

"పరీక్ష రోజు అక్కడి ఇన్‌ఛార్జి చూసే పెడతారమ్మా."

ఆమె ఆయన వంక చూసింది. మాస్టారు తల దించుకున్నారు. కుర్చీ వెనక నిలబడి, ఏ మూడు మీటలు కలిపి నొక్కాలో చూపించారు. జాబితా వచ్చింది. అందులో ఎక్కడ నొక్కితే మొత్తం మెమరీ కనిపిస్తుందో, బ్రౌజర్ ఎంత తీసుకుంటోందో, ఏ అంకె దాటితే భయపడాలో చెప్పారు. ఆయన ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు గానీ ఒక్కో మాటనీ ఇంత తూచి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మూసింది. తానే తెరిచింది. తప్పిపోయింది. మళ్ళీ తెరిచింది. చూపుడువేలు తెర మీద ఆనించి, థర్మామీటరు చదివినట్టు చదివింది.

"నాలుగు."

"అంతే."

"నాలుగు లేకపోతే?"

"చెయ్యెత్తండి. లేచి నిలబడండి. ఎవరేమన్నా సరే, ఆ కుర్చీలో కూర్చోకండి."

"నవ్వుతారేమో."

"నవ్వనివ్వండి."

ఆమె లేచి పక్క మెషీన్ దగ్గరికి వెళ్ళింది. మూడు మీటలు నొక్కింది. నాలుగు. దాని పక్కది. నాలుగు. రాత్రి డ్యూటీలో మంచం మంచానికీ ఆగి నాడి చూసుకుంటూ వెళ్ళినట్టు, వరస తర్వాత వరస వెళ్ళింది. మాస్టారు తాళాల గుత్తి పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డారు. గడియారంలో అయిదుకి ఇంకా అయిదు నిమిషాలుంది. గుమస్తా తొంగి చూసి, లోపల ఎవరో ఉన్నారని ఆగాడు.

చివరికి ఆమె కిటికీ దగ్గరికి చేరింది. పద్నాలుగో మెషీన్ ముందు కూర్చోలేదు. నిలబడే వంగి, మీటలు నొక్కింది. ఎండ తెర మీద పడుతుంటే ఒక చేత్తో కిటికీ తెర లాగింది. వేలు ఆనించింది.

"నాలుగు," అంది.

మాస్టారు ఊపిరి వదిలారు.

ఆమె జాబితా మూసేసింది. ఒక క్షణం ఆగింది. తర్వాత మూడు మీటలూ నొక్కి, మళ్ళీ ఒకసారి చూసుకుంది.